చెరిగిపోయిన పటాన్ని వెలుతురుతో చదవొచ్చా?

ప్రశ్న జమ్మలమడుగు వైపు నుంచి వచ్చింది. అడిగినావిడ తాతగారు కరణం. ఆయన పెట్టెలో గుడ్డకి అంటించిన ఊరి పటం ఒకటి దొరికింది. మడతల దగ్గర సిరా పోయింది, ఒక మూల నూనె మరక ఉంది, పైభాగాన ఎవరో పసుపు రాశారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న 1491 నాటి ప్రపంచ పటాన్ని రకరకాల వెలుతుర్లలో ఫోటోలు తీసి చదివారని ఎక్కడో చూశారట. అడిగినవి మూడు: మా పటాన్నీ అట్లా చదవొచ్చా, ఫోన్‌తో అవుతుందా, ఆ పాత ప్రపంచ పటాల్లో మన సీమ ఉందా?

సమాధానం:

చదవొచ్చమ్మా. కాకపోతే అన్నీ కాదు. ఏది బయటపడుతుంది, ఏది పడదు అన్నది కెమెరా ధరని బట్టి ఉండదు, మీ తాతగారు ఏ సిరా వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. కడప, కర్నూలు జిల్లాల్లో ఇళ్లలో ఉన్న పాత కాగితాలు, తాటాకులు ఫోటో తీసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. వచ్చే ప్రతివాళ్లూ మొదట అడిగేది "మీ దగ్గర ఏ మిషన్ ఉంది?" అని. నేను మొదట అడిగేది "ఇది దేంతో రాశారు?" అని. యేల్ పటం సంగతి చెప్తే ఈ తేడా తెలుస్తుంది, అందుకని దాంతోనే మొదలుపెడతాను.

ఆ పటం గీసింది ఫ్లోరెన్స్‌లో పనిచేసిన హెన్రికస్ మార్టెల్లస్ అనే జర్మన్. కాలం సుమారు 1491. ఎత్తు దాదాపు 4 అడుగులు, వెడల్పు ఆరున్నర అడుగులు. పేరు చెప్పుకోని ఒక దాత 1962లో యేల్‌కి ఇచ్చారు, బైనెకీ గ్రంథాలయంలో ఉంది. తీరరేఖలు, కొండలు కంటికి కొంతవరకు తెలుస్తాయి. సముద్రాల మీదా ఖండాల మీదా రాసిన లాటిన్ వ్యాఖ్యలు మాత్రం వెలిసిపోయి, అడుగు రంగుల్లో కలిసిపోయాయి. అక్కడ రాత ఉందని తెలుస్తుంది, చదవబోతే అక్షరం దొరకదు. అందుకే ఈ పటం ముఖ్యమైనదని తెలిసి కూడా చాలా ఏళ్లు పరిశోధకులు దాని జోలికి పెద్దగా పోలేకపోయారు.

2014లో చెట్ వాన్ డ్యూజర్ అనే పటాల చరిత్రకారుడి బృందం దాన్ని 55 భాగాలుగా విడగొట్టుకుని, పక్కపక్క భాగాలు కొంత ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు ఫోటోలు తీసింది. ఒక్కో భాగాన్ని 12 రకాల వెలుతురులో తీశారు. కంటికి కనపడని అతినీలలోహితం దగ్గర మొదలుపెట్టి, ఊదా, నీలం, ఆకుపచ్చ, ఎరుపు మీదుగా మళ్లీ కంటికి కనపడని పరారుణం దాకా. గదంతా చీకటి చేసి, ఒక్కో ఎల్‌ఈడీ ఒక్కో రంగు వెలుతురు మాత్రమే ఇస్తుంటే, కెమెరా కదలకుండా, పటం కదలకుండా ఒకదాని తర్వాత ఒకటి తీయడం. ఈ పద్ధతిని మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్ అంటారు.

ఇందులో మర్మం ఏమంటే, మన కంటికి ఒకే గోధుమరంగుగా కనిపించే రెండు పదార్థాలు అన్ని వెలుతుర్లలోనూ ఒకేలా ఉండవు. పాత సిరా, దాని కింద రంగు మామూలు ఎండలో కలిసిపోయినా, ఏదో ఒక వెలుతురులో ఒకటి కాస్త ముదురుగా, రెండోది కాస్త లేతగా కనిపిస్తుంది. 12 ఫోటోలు తీశాక పటం మీద ప్రతి చుక్కకీ 12 అంకెలు ఉంటాయి. ఏ కలయికలో సిరా ఉన్న చుక్కలు, లేని చుక్కలు బాగా విడిపోతాయో కంప్యూటర్ లెక్కగడుతుంది. వాడే లెక్కల్లో ప్రిన్సిపల్ కాంపోనెంట్ ఎనాలిసిస్ ఒకటి. చివరికి వచ్చే బొమ్మ వింత రంగుల్లో ఉంటుంది, అవి పటం అసలు రంగులు కావు. విడిపోయిన తేడాని కంటికి చూపడానికి వేసిన రంగులు.

మార్టెల్లస్ పటంలో ఇంకో చిక్కు ఉంది. రాతలు రకరకాల రంగులతో, రకరకాల రంగుల మీద ఉన్నాయి. ఒక వ్యాఖ్యని బయటికి తీసిన లెక్క దాని పక్కనున్న వ్యాఖ్యకి పనికిరాలేదు. ప్రతిదానికీ విడిగా కూర్చుని సరిచూడాల్సి వచ్చింది. "మీట నొక్కితే పాత రాత వచ్చేస్తుంది" అనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ ముక్కే.

అట్లా బయటపడ్డవాటిలో ఒకటి మన వాళ్లకి తప్పకుండా చెప్పాలి. ఆసియాలో గుర్రపు డెక్కల్లాంటి పాదాలున్న మనుషులున్నారనీ, చెవుల్నే కప్పుకుని పడుకునేంత పెద్ద చెవులున్న జాతి ఉందనీ అందులో రాశాడు. ఈ రెండోవాళ్లు మనకి కొత్తవాళ్లు కాదు. మహాభారతం సభాపర్వంలో సహదేవుడి దక్షిణ దిగ్విజయంలో కర్ణప్రావరణులు వస్తారు, వాళ్లే. చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి వచ్చిన మెగస్తనీసు చెవుల్లో పడుకునే మనుషుల గురించి ఇక్కడ విని రాసుకున్నాడు, ఆ మాట గ్రీకు, లాటిన్ పుస్తకాల్లో పడి యూరప్‌లో శతాబ్దాలు తిరిగింది. ఇండియా గురించి విన్న కథ ఒకటి 1491 నాటి పటం మీద ఉండి, వెలిసిపోయి, మన కాలంలో ఎల్‌ఈడీ వెలుతురుకి మళ్లీ కనపడింది. ఈ పని మీద నాకు ఇంత ఇష్టం ఉండటానికి ఇట్లాంటివే కారణం.

ఇక మీ పటం సంగతి. ఊరి పటాల మీద సాధారణంగా రెండు మూడు రకాల సిరాలు ఉంటాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది మసి సిరా. దీపపు మసి, తుమ్మ జిగురు కలిపి చేసేది. అచ్చు సిరాలో ఉండే నలుపూ ఇదే జాతి. సర్వే వాళ్లు అచ్చువేసి ఇచ్చిన గీతలు, సర్వే నంబర్లు చాలావరకు దీంతోనే ఉంటాయి. బొగ్గు పరారుణాన్ని మింగేస్తుంది, కాబట్టి పరారుణ ఫోటోలో కూడా నల్లగానే ఉంటుంది. నూనె మరక, కాగితం ముదిరిన పసుపుదనం, చెమ్మ మచ్చలు ఆ వెలుతురులో దాదాపు మాయమవుతాయి. మీ పటంలో నూనె మరక కింద ఉన్నది అచ్చు గీత అయితే అది వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

రెండోది కరక్కాయ, అన్నభేది (ఒక ఇనుప ఉప్పు) కలిపి కాచిన సిరా. తర్వాత రోజుల్లో సీసాల్లో వచ్చిన బ్లూబ్లాక్ సిరా కూడా చాలావరకు ఈ ఇనుప సిరా బాపతే. దీని గుణం పూర్తిగా తిరగబడుతుంది. పరారుణంలో లేతబడి, ఇంకా ముందుకు పోతే కనపడకుండా పోతుంది. అతినీలలోహితంలో మాత్రం గట్టిగా నల్లబడుతుంది. ఆ వెలుతురు పడితే పాత కాగితం సన్నగా మెరుస్తుంది. సిరా ఉన్నచోట ఆ మెరుపు ఆగిపోతుంది. కంటికి వెలిసిన గోధుమరంగు గీతగా కూడా కనిపించని అక్షరం, మెరిసే కాగితం మీద నల్లగా లేచి వస్తుంది. కరణాలు చేత్తో రాసిన పేర్లు, మార్పులు, ఇనాం భూముల గుర్తులు ఎక్కువగా ఈ సిరాతో ఉంటాయి. కాబట్టి అందరూ గొప్పగా చెప్పుకునే పరారుణ కెమెరా వీటికి పనికిరాదు.

మూడోది రంగు సిరాలు, ఊదారంగు పెన్సిలు రాతలు. ఎండకి వెలిసిపోయింది వీటిలో రంగే కాబట్టి, అక్కడ మిగిలింది తక్కువ. అతినీలలోహితంలో ఒక ప్రయత్నం చేయండి, మరీ ఆశ పెట్టుకోకండి.

మడతల దగ్గర సిరా పోయిందన్నారు. అక్కడ కాగితమే రాలిపోయి ఉంటే ఏ వెలుతురూ దాన్ని తేలేదు. అయితే పటం గుడ్డకి అంటించి ఉందిగా, వెనక్కి తిప్పి గుడ్డని కూడా ఫోటో తీయండి. ఇనుప సిరా కాగితంలోంచి దిగి గుడ్డలోకి ఇంకే అలవాటున్న సిరా. ముందువైపు కాగితం రాలిపోయినచోట వెనక గుడ్డ మీద ఎడమకి కుడిగా తిరగబడిన అక్షరం దొరికిన సందర్భాలు నేను చూశాను. కంప్యూటర్లో బొమ్మని తిప్పుకుంటే సరిపోతుంది.

పసుపు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇళ్ల సమస్య, యేల్ వాళ్లకి రానిది. లెక్కల పుస్తకం మొదటి పేజీకి, పటం తలమీద పసుపు రాసి బొట్టు పెట్టడం మనకి మామూలే. పసుపు అతినీలలోహితంలో పచ్చపచ్చగా ఎంత గట్టిగా మెరుస్తుందంటే దాని కింది రాత మునిగిపోతుంది. అదే పసుపు ఎర్ర వెలుతురులో దాదాపు ఉండదు, ఎందుకంటే అది మింగేది నీలాన్ని. ఒకసారి కర్నూలు వైపు ఒక ఇంట్లో లెక్కల పుస్తకం అట్ట లోపలి పేజీ చూశాను. మామూలు ఫోటోలో ముద్ద పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఎరుపు ఛానెల్ ఒక్కటే విడదీసి చూస్తే పసుపు తెల్లకాగితమైపోయింది, బొట్టు కూడా లేతబడింది, కింద "శ్రీరామజయం" తర్వాత సంవత్సరం పేరు, ఊరి పేరు, రాసిన కరణం సంతకం వరుసగా వచ్చాయి. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు. మీ ఫోన్‌లో తీసిన రంగుల ఫోటోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడుగా విడదీస్తే చాలు. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది.

ఫోన్‌తో అవుతుందా అన్నదానికి ఇక్కడే సగం జవాబు వచ్చేసింది. మిగతా సగం ఇది. ఫోన్ కెమెరా సెన్సార్ సిలికాన్‌ది, దానికి పరారుణం కొంత కనపడుతుంది, కానీ రంగులు చెడకుండా కంపెనీలు దాని ముందు ఒక అడ్డు గాజు పెడతాయి. కాబట్టి పరారుణానికి ఫోన్ వద్దు. ఆ గాజు తీయించిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కావాలి. అతినీలలోహితం పని ఫోన్‌తో అవుతుంది. పడేది కంటికి కనపడని వెలుతురే అయినా, కాగితం మెరిసేది కనపడే వెలుతురుతోనే. యూవీ (అతినీలలోహిత) టార్చి 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది తీసుకోండి. దొంగనోట్లు చూడటానికని అమ్మే చవక టార్చిలు చాలావరకు 395వి, వాటిలోంచి ఊదారంగు వెలుతురు ఎక్కువగా కారి ఫోటో అంతా ఊదా అవుతుంది. ఆ టార్చి వెలుతురులోకి నేరుగా చూడకూడదు, యూవీని ఆపే కళ్లజోడు తప్పనిసరి, పటం మీద అవసరమైన కొద్ది సేపే వేయాలి.

ఫోటోలు తీసేటప్పుడు ఒకే ఒక్క నియమం పట్టుకోండి: పటమూ ఫోనూ కదలకూడదు, వెలుతురు మాత్రమే మారాలి. స్టాండు పెట్టి, టైమర్‌తో, వీలైతే రా ఫైలుగా (కెమెరా ఏ మార్పూ చేయని ఫోటోగా) తీయండి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. మడతలు బలవంతంగా విప్పొద్దు, ఇస్త్రీ అసలే వద్దు, అక్షరాలు తేలతాయని తడిగుడ్డతో తుడవొద్దు. నిమ్మరసం, కిరసనాయిలు లాంటి చిట్కాలు ఎవరు చెప్పినా వినకండి. సిరా పోయిందంటే ఈరోజు కాకపోతే రేపు ఇంకో వెలుతురు దొరకొచ్చు. పటమే పోతే చదవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు, నా లెక్కలో అసలు పని అయిన విషయానికి వస్తాను. ఫోటో వచ్చాక చదవాలి. మార్టెల్లస్ విషయంలో అక్షరాలు తేలగానే పని అయిపోలేదు. 1507లో మార్టిన్ వాల్డ్‌సీముల్లర్ అచ్చువేసిన ప్రపంచ పటం ఒకటుంది, అమెరికా అన్న పేరు మొదటిసారి కనపడేది దాని మీదే. 12 కాగితాల మీద అచ్చయిన ఆ పటం కాపీ ఒక్కటే మిగిలింది, 1901లో జర్మనీలోని వోల్ఫెగ్ కోటలో దొరికింది, 2003లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోటి డాలర్లకి కొనుక్కుంది. మార్టెల్లస్ పటం మీద కొత్తగా తేలిన వ్యాఖ్యల్లో చాలావాటికి వాల్డ్‌సీముల్లర్ పటం మీది వ్యాఖ్యలు దగ్గరగా సరిపోయాయి. రెండోవాడు మొదటివాడి పటం లాంటిది ముందు పెట్టుకునే పనిచేశాడని అట్లా తేలింది. ఆ రెండో పటం మీది లాటిన్ అంతా ఒంటబట్టిన మనిషి కెమెరా పక్కన ఉన్నాడు కాబట్టే సగం తేలిన పదం పూర్తి పదమైంది.

మీకు కూడా అట్లాంటి తోడుపటం ఉంది. మీ ఊరి గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) కాగితాలు ప్రభుత్వ మీభూమి పోర్టల్‌లో చూడొచ్చు, సర్వే ఆఫీసులో నకలు అడగొచ్చు. దాన్ని పక్కన పెట్టుకుంటే పొలిమేర రాళ్లు, వంక పోయే దారి, చెరువు తూము, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎక్కడున్నాయో తెలుస్తుంది. మీ పటంలో "...రవ" అని మాత్రమే తేలితే, అది చెరువు కట్ట చివర ఉందని చూసి "మరవ" అని ధైర్యంగా చదవొచ్చు. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులు 66 అడుగులు. అంకె సగం చెరిగితే పక్క గీతల కొలత చూసి సరిపోల్చండి. ఇంకా ముఖ్యం, మీ ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి చూపించండి. కరణాల వ్యవస్థ రద్దయింది 1984లో. ఆ రోజుల్లో పొలాలకి ఏ పేర్లు ఉండేవో చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దమర్రి చేను, దొరగారి గుంత లాంటి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తేలిన బొమ్మ మీరు చదువుకోవడానికే, భూమి తగాదాకి సాక్ష్యం కాదు. దానికి సర్వే ఆఫీసు ఇచ్చే ధ్రువీకరించిన నకలే కావాలి. అసలు ఫోటోలు ఏ మార్పూ లేకుండా విడిగా దాచండి, మార్చినవాటి పక్కన ఏం మార్చారో రాసిపెట్టండి. లెక్కలు గట్టిగా లాగితే లేని గీత కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

వెలుతురు చదివి పెట్టడమే కాదు, నకిలీనీ పట్టిస్తుంది. యేల్‌లోనే విన్లాండ్ పటం అని ఇంకోటి ఉంది. కొలంబస్‌కి ముందే ఉత్తర అమెరికా తీరాన్ని చూపించిన పటం అని 1965లో గొప్పగా బయటపెట్టారు. తోలు నిజంగా పాతదే, రేడియోకార్బన్ పరీక్షలో 1434 ప్రాంతం అని వచ్చింది. సిరా మాత్రం కాదు. 1970ల్లోనే అందులో టైటానియం ఉందని తేలింది. 2021లో యేల్ వాళ్లు పటం మొత్తాన్నీ ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో (ఎక్కడ ఏ మూలకం ఉందో చెప్పే పరీక్షతో) జల్లెడ పట్టారు. పాత సిరాలో ఉండాల్సిన ఇనుము చోట, గీతల పొడుగునా టైటానియం ఉంది. ఆ రకం టైటానియం రంగు వాడుకలోకి వచ్చింది 1920ల్లో. పటం నకిలీ అని తేల్చేశారు. మన దగ్గర కూడా పాత కాగితం మీద కొత్త రాత రాసి తెచ్చేవాళ్లు ఉన్నారు. సుమారు 1950 తర్వాత కాగితంలో తెల్లదనానికి కలిపే రసాయనం అతినీలలోహితంలో నీలంగా భగ్గుమంటుంది. వందేళ్లనాటిదని చెప్పిన కాగితం అట్లా వెలిగితే ఇక మాట్లాడనక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, మీ పెట్టెలో పటంతోపాటు తాటాకులు, కడితాలు ఉంటే వాటికి దారులు వేరు. తాటాకు మీద ఘంటంతో గీసి మసి పూస్తారు. మసి పోయినా గీత ఉంటుంది, కాబట్టి టార్చిని పక్కనుంచి, దాదాపు ఆకుకి ఆనించి వేస్తే గీత నీడ పడుతుంది. కడితం అంటే చింతగింజల గంజి, బొగ్గు పట్టించిన నల్లగుడ్డ. దాని మీద బలపంతో రాస్తారు. నేలంతా బొగ్గే కాబట్టి పరారుణం అక్కడ ఉపయోగపడదు, దానికీ పక్క వెలుతురే గతి. ఓర్వకల్లు దగ్గర కేతవరం గుట్టల్లో ఉన్న ఎర్ర బొమ్మల్లాంటి శిలాచిత్రాలకైతే డీస్ట్రెచ్ అనే పద్ధతి ఉంది. ఉపగ్రహ చిత్రాల్లో రంగుల తేడాని సాగదీయడానికి పుట్టిన లెక్కనే రాతిబొమ్మలకి వాడతారు. మామూలు ఫోటోలో కనపడని ఎర్ర గీత దాంతో స్పష్టంగా వస్తుంది.

చివరిది, ఆ పాత ప్రపంచ పటాల్లో మన సీమ ఉందా అని. మార్టెల్లస్ ఇండియాని ప్రాచీన గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీని అనుసరించి గీశాడు. టాలెమీ లెక్కలో మన ద్వీపకల్పం దాదాపు లేనట్టే ఉంటుంది, తీరం పడమర నుంచి తూర్పుకి చదునుగా పోతుంది, సింహళం మాత్రం అసలు కొలతకి ఎన్నో రెట్లు పెద్దగా ఉంటుంది. లోపలి భాగం నొక్కుకుపోయిన పటంలో పెన్న, కుందూ, గండికోట వెతకడం వృథా. తెలుగు నేల కావాలంటే తీరానికి రావాలి. టాలెమీ చెప్పిన మైసోలోస్ నది కృష్ణ అనీ, దాని చుట్టూ ఉన్న మైసోలియా మచిలీపట్నం ప్రాంతమనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మన సీమని ఊరూరా కొలిచి గీసిన పటాలు కావాలంటే 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేసిన తర్వాతి కాలానికి రావాలి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సర్వే అప్పటిదే. ఆయన సేకరించిన కైఫీయత్తుల్లో (ఊళ్ల స్థానిక చరిత్రల్లో) కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది. మీ ఊరి కైఫీయత్తు అందులో ఉందేమో ముందు చూడండి. పటంలో చెరిగిపోయిన గుడి పేరో చెరువు పేరో అక్కడ దొరికితే, ఫోటోలు తీయకముందే సగం చదివినట్టే.